అరవై నాలుగు ఎందుకో చెప్పండి

ఒక్క అంకె తేడాతో నాణెం ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. ఆ అంకె వేసేవాళ్లు మాత్రం కారణం చెప్పరు. గ్రేడింగ్ సంస్థలను నాణేల సేకర్తలు అడుగుతున్నదేమిటి? మన పూజగదుల్లోని రూపాయలకు, కాసులపేరులోని సవర్లకు ఆ కొలతలు సరిపోతాయా?

మోర్గాన్ డాలరు అనే అమెరికా వెండి నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే వెలుగు దాని మీద చువ్వలు చువ్వలుగా గిర్రున తిరుగుతుంది. సేకర్తలు దాన్ని కార్ట్‌వీల్ మెరుపు అంటారు. టంకశాలలో అచ్చు బలంగా దిగినప్పుడు లోహం నడిమి నుంచి అంచు వైపు పారుతూ వదిలిన సన్నసన్నని గీతల వల్ల వచ్చే మెరుపది. నాణెం చేతులు మారితే మొదట పోయేది అదే. లిబర్టీ బొమ్మకు చెవి మీది జుట్టులో, వెనుకవైపు డేగ రొమ్ము మీద ముందుగా మసక కమ్ముతుంది. చెంప సంగతి వేరు. అది విశాలంగా, నున్నగా ఉంటుంది. ఆ నాణేలు ముద్రించిన రోజుల్లో డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో పోసి ఖజానాల మధ్య తిప్పేవారు. ఒక నాణెం అంచు మరో నాణెం ముఖానికి తగిలి గాట్లు పడేవి. జుట్టులో పడ్డ గాటు జుట్టులోనే కలిసిపోతుంది. చెంప మీద పడ్డది చూడగానే కంటికి ఆనుతుంది. 65 రావాల్సిన నాణెం 64 దగ్గర ఆగిపోవడానికి అలాంటి గాటు ఒక్కటి చాలు.

వృత్తిగా నాణేలకు గ్రేడు వేసే సంస్థల పని చెప్పుకోవడానికి తేలికే. రుసుం కట్టి నాణెం పంపితే వాళ్లు ముందు అది అసలుదో నకిలీదో తేలుస్తారు. అసలుదైతే ఎంత బాగుందో 1 నుంచి 70 దాకా ఒక అంకె వేస్తారు. తరువాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, అంకె రాసిన చీటీతో సహా మూసేస్తారు. దీన్ని స్లాబ్ అంటారు. పగలగొడితే తప్ప తెరుచుకోదు. 60 నుంచి పైకి ఉన్నవన్నీ వాడకంలోకి వెళ్లని నాణేలు. వాటికి మామూలుగా ఎంఎస్ అనే గుర్తు ఉంటుంది. 50 నుంచి 58 వరకు కాస్త అరిగినవి. అక్కడి నుంచి కిందికి దిగుతూ పోతే 1 దగ్గర ఉండేది బొమ్మ దాదాపు చెరిగిపోయి, ఏ నాణెమో మాత్రం పోల్చుకోగలిగిన బిళ్ల.

ఈ 70 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సేకర్తల గొడవ సగం అర్థమవుతుంది. విలియం షెల్డన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాత రాగి సెంట్ల మీద 1949లో ఒక పుస్తకం వేశాడు. అతి నాసిరకం సెంటు ధర ఒక డాలరైతే, అన్నిటికన్నా మేలైనది దానికి డెబ్బై రెట్లు పలుకుతుందని ఆనాటి లెక్క. అంటే అది ధర చెప్పడానికి కట్టిన కొలబద్ద. కొద్ది కాలానికే ధరలు మారిపోయి ఆ లెక్క చెదిరింది. అంకెలు మాత్రం నిలిచిపోయాయి. రాగి సెంట్ల కోసం పుట్టిన కొలతతో ఇవాళ బంగారు నాణేన్నీ, వెండి రూపాయినీ, నిన్న మొన్న ముద్రించిన స్మారక నాణేన్నీ కొలుస్తున్నారు. ఈ షెల్డనే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భాండాగారంలోని మంచి సెంట్లు తీసుకుని వాటి చోట తక్కువ రకం సెంట్లు పెట్టాడని తరువాత బయటపడింది. నాణేన్ని ఎంత బాగా ఎరిగినవాడైనా అతని మాటకు పక్కన ఇంకో కన్ను కావాలని సేకర్తలు పట్టుబట్టడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఆ ఇంకో కన్ను వ్యాపారంగా మారడానికి కొంత కాలం పట్టింది. అమెరికా నాణేల సేకర్తల సంఘం 1972లో అసలు నకిలీ తేల్చే విభాగం పెట్టింది. 1979 నుంచి ఫొటో పత్రంతో గ్రేడు కూడా ఇచ్చింది. అప్పటికీ చిక్కు తీరలేదు. పత్రం ఒకచోట, నాణెం ఒకచోట ఉంటే మధ్యలో నాణెం మార్చేయవచ్చు. 1986లో కాలిఫోర్నియాలో కొందరు వ్యాపారులు కలిసి మొదలుపెట్టిన పీసీజీఎస్ అనే గ్రేడింగ్ సంస్థ ఆ సందు మూసింది. నాణెం, చీటీ రెండూ ఒకే పెట్టెలో పెట్టి మూసేయడం అక్కడి నుంచే ఊపందుకుంది. మరుసటి ఏడాదే ఎన్‌జీసీ అనే మరో గ్రేడింగ్ సంస్థ వచ్చింది. నాణెం కళ్లతో చూడకుండానే పెట్టె మీది అంకెను బట్టి కొనేవాళ్లు తయారయ్యారు. 1794 నాటి అమెరికా వెండి డాలరు ఒకటి 2013 జనవరిలో కోటి డాలర్లు దాటి అమ్ముడుపోయింది. దానికి పీసీజీఎస్ వేసిన అంకె 66. అంత సొమ్ము కుమ్మరించేవాడికి ఆ అంకె మీద నమ్మకం ఉండాలి కదా.

జవాబు పత్రం చూపించరు

సేకర్తలు గ్రేడింగ్ సంస్థలకు వేసే ప్రశ్నలు పోగేస్తే ఎక్కువగా కనిపించేది ఒక్కటే. నాకు 64 ఎందుకు వేశారు? 65 కావాలని అడగడం లేదు, 64 ఎందుకో చెప్పమంటున్నారు. చెంప మీద గాటుకా, అచ్చు సరిగా దిగనందుకా, మెరుపు తగ్గినందుకా? పెట్టె మీద అంకె ఉంటుంది, కారణం ఉండదు. మార్కులు పంపి జవాబు పత్రం చూపించని పరీక్షలా ఉంటుంది ఈ వ్యవహారం. మన పిల్లలకు ఇంటర్‌లో నాలుగు మార్కులు తగ్గితే రీవెరిఫికేషన్‌కు పెట్టి పత్రం తెప్పించి చూసుకుంటాం. ఇక్కడ కూడా నాణెం మళ్లీ పంపుకోవచ్చు. కానీ రుసుం మళ్లీ కట్టాలి. తిరిగి వచ్చేది మళ్లీ ఒక అంకే.

కారణం రాయకపోవడానికి సంస్థలకూ కారణముంది. గ్రేడర్ ఒక్కో మామూలు నాణెం మీద గడిపేది కొద్ది సెకన్లే. నాణెం ఎవరిదో అతనికి తెలియదు. ఇద్దరు విడివిడిగా చూస్తారు. తేడా వస్తే పైన ఉన్నవాడు తేలుస్తాడు. వేలాది నాణేలు కదిలే ఆ బల్లల దగ్గర ఒక్కోదానికి నాలుగు మాటలు రాయమంటే పని సగానికి పడిపోతుందని వాదన. నాకు ఈ వాదన సరిపోదనిపిస్తుంది. అంకె వేసినవాడి మనసులో కారణం ఉండే ఉంటుంది. 'గాటు', 'అచ్చు', 'మెరుపు', 'రంగు' అని నాలుగు గళ్లు పెట్టి ఒకదాని మీద టిక్కు పెట్టడానికి పట్టే సమయం ఎంత? నిజానికి ఒక విషయంలో వాళ్లు ఇప్పటికే ఆ పని చేస్తున్నారు. కడిగిన నాణేనికి, గీసిన నాణేనికి, అతికించిన నాణేనికి అంకె వేయకుండా 'డీటెయిల్స్' అని రాసి, పక్కన ఏం జరిగిందో ఒక మాటలో చెబుతున్నారు. పాడైన నాణేనికి చెప్పగలిగిన కారణం బాగున్న నాణేనికి చెప్పడానికి అడ్డేముంది?

ఒకే నాణేనికి రెండుసార్లు రెండు అంకెలు రావడం ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. దాని మీద ఒక ఆటే నడుస్తోంది. 64 వచ్చిన నాణేన్ని పెట్టె పగలగొట్టి తీసి, కొత్తదానిలా మళ్లీ పంపుతారు. 65 వస్తే లాభం. 64 వస్తే ఇంకోసారి. దీన్ని క్రాక్ అవుట్ అంటారు. ఇందులో నలిగేది ఆటగాడి డబ్బు ఒక్కటే కాదు. ఏ గ్రేడులో ఎన్ని నాణేలున్నాయో సంస్థలు పట్టిక వేస్తాయి. అరుదైనదో కాదో సేకర్తలు ఆ పట్టిక చూసే తేల్చుకుంటారు. ఒకే నాణెం నాలుగుసార్లు వెళ్లివస్తే పట్టికలో నాలుగు నాణేలుగా కూర్చుంటుంది. పాత చీటీలు వెనక్కి పంపమని సంస్థలు అడుగుతాయి. అందరూ పంపరు. ప్రతి నాణేన్నీ పెద్ద ఫొటో తీసి, కొత్తగా వచ్చినదాన్ని పాత ఫొటోలతో పోల్చి, ఇది ఇంతకు ముందు వచ్చిందేనని పట్టుకోవాలన్నది సేకర్తల సూచన. ప్రతి నాణెం మీదా గాట్ల వరస దానికదే ప్రత్యేకం కాబట్టి ఇది చేయగలిగిన పనే.

యంత్రం చేత గ్రేడు వేయించాలన్న మాట కూడా కొత్తది కాదు. 1990లోనే పీసీజీఎస్ మోర్గాన్ డాలర్లకు గ్రేడు వేసే కంప్యూటరు ఏర్పాటును ప్రదర్శించింది. అది నిలబడలేదు. అదే ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ ప్రకటనల మీద అభ్యంతరం లేవనెత్తింది. గ్రేడింగ్ నిలకడగా, నిష్పాక్షికంగా ఉంటుందని చెప్పుకోవడం సరికాదన్నది ఆరోపణ. వ్యవహారం ఒప్పందంతో ముగిసింది. గ్రేడు అనేది చూసినవాడి అభిప్రాయమని కొనేవాళ్లకు చెప్పి తీరాల్సి వచ్చింది. ఇప్పుడు కృత్రిమ మేధ పేరుతో అదే ప్రశ్న తిరిగి వచ్చింది. గాట్లు లెక్కపెట్టడం యంత్రానికి చేతనవుతుంది. చేత్తో వంచితే తిరిగే మెరుపును నిలకడగా ఉన్న ఫొటోలో పట్టడమే కష్టం.

గ్రేడు వేసినవాళ్ల మీద ఇంకొకరు గ్రేడు వేసే రోజు కూడా వచ్చింది. ఎన్‌జీసీని స్థాపించిన జాన్ ఆల్బనీస్ 2007లో సీఏసీ అనే సంస్థ పెట్టాడు. వేరేవాళ్లు మూసిన పెట్టెలను చూసి, అంకె సరైనదే అనిపిస్తే ఆకుపచ్చ స్టిక్కర్, అంకె తక్కువేశారనిపిస్తే బంగారు రంగు స్టిక్కర్ అంటిస్తారు. అంతకన్నా ఏమీ చెప్పరు. ఆ చిన్న స్టిక్కర్ ఉన్న పెట్టెకు జనం ఎక్కువ పెట్టి కొన్నారు. సేకర్తలు ఎంతకాలంగా రెండో మాట కోసం ఎదురుచూస్తున్నారో దీన్ని బట్టే తెలుస్తుంది.

డబ్బు దగ్గర కూడా ఒక ముడి ఉంది. నాణెం ఖరీదు పెరిగితే రుసుం పెరుగుతుంది. గ్రేడు పెరిగితే ఖరీదు పెరుగుతుంది. అంటే పెద్ద అంకె వేస్తే సంస్థకు ఎక్కువ రాబడి. తప్పు గ్రేడు వేస్తే నష్టం భరిస్తామని హామీ ఇస్తున్నాం, ఖరీదైన నాణేనికి హామీ బరువు ఎక్కువ కాబట్టే రుసుం ఎక్కువ అంటారు వాళ్లు. మాట సబబే. అయినా రుసుం చీటీలో శ్రమకు ఎంత, హామీకి ఎంత అని విడగొట్టి చూపిస్తే అనుమానం పోతుందని సేకర్తలు అంటున్నారు. నేనూ వాళ్ల పక్షమే.

చింతపండు, కొక్కెం, శరాబు గుర్తు

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నాణేల ప్రదర్శన జరిగితే, బల్లల దగ్గర ఒక దృశ్యం తరచుగా ఎదురవుతుంది. ఇంటావిడ చేతిసంచిలోంచి విక్టోరియా రూపాయలు తీసి పెడుతుంది. అవి తళతళా మెరుస్తుంటాయి. వ్యాపారి భూతద్దం పెట్టకుండానే నిట్టూరుస్తాడు.

"చింతపండుతో తోమారామ్మా?"

"దేవుడి దగ్గర పెట్టేవి కదయ్యా, తోమకుండా ఎట్లా?"

ఆమె మాటలో తప్పేమీ లేదు. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం దగ్గర పెట్టే రూపాయి పసుపూ కుంకుమా అంటి ఉంటుంది. మరుసటి ఏడు మళ్లీ తోముతారు. అలా తోమితోమి పైపొర పోతుంది. వందేళ్లు పట్టి వెండి మీద ఏర్పడిన నలుపు, నీలం, బంగారు ఛాయల పొర సేకర్తలకు ప్రాణం. దాని కింద ఉండే ముద్రణనాటి మెరుపు ఇంకా ప్రాణం. చింతపులుపు పొరను తినేస్తుంది. బూడిదా, కొబ్బరిపీచూ మెరుపు మీద వెంట్రుకల్లాంటి గీతలు గీస్తాయి. దీపం కింద తిప్పితే వెలుగు తిరగదు, ఒక్కచోటే తెల్లగా నిలబడిపోతుంది. గ్రేడర్ దాన్ని 'క్లీన్డ్' అని రాసి పక్కన పెడతాడు.

కాసులపేరుకూ ఇదే గతి. దండలో గుచ్చడానికి సవరు పైఅంచున చిన్న కొక్కెం అతికిస్తారు. దండ విప్పేటప్పుడు కంసాలి కొక్కెం తీసి, ఆ చోటు ఆకురాయితో నున్నగా అరగదీస్తాడు. మామూలు కంటికి ఏమీ తెలియదు. భూతద్దంలో అంచు పళ్లు రెండు మూడు కనిపించవు, అతుకు పెట్టిన చోట బంగారం రంగు ఒక పిసరు తేడాగా ఉంటుంది. అది నగలోంచి తీసిన నాణెమని గ్రేడింగ్ సంస్థ ఇట్టే పట్టేస్తుంది. పట్టుకోవడం వాళ్ల విధి. కానీ తెలుగు నేల మీద సవరు గొలుసులో వేలాడటం దాని జీవితంలో ఒక భాగం. దాన్ని గీతలు పడ్డ నాణెం పక్కన ఒకే గాట కట్టడం న్యాయం కాదు. కొక్కెం ఉండేది, తీసేశారు, మిగతా నాణెం ఫలానా స్థాయిలో ఉంది అని రెండూ రాయాలి.

ఇది అసాధ్యమేమీ కాదని చూపే ఉదాహరణ వాళ్ల దగ్గరే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో చైనాకు వెళ్లిన అమెరికా ట్రేడ్ డాలర్ల మీద అక్కడి వర్తకులు వెండి మంచిదేనని తమ ముద్రలు కొట్టేవారు. అలాంటి నాణేలకు పీసీజీఎస్ 'చాప్ మార్క్' అని చీటీ మీద రాసి అంకె కూడా వేస్తోంది. మన మొగలాయి రూపాయల మీద, కంపెనీ రూపాయల మీద వెండిని పరీక్షించే శరాబులు కొట్టిన గుర్తులున్నాయి. చిన్న చుక్కో, పువ్వో, నెలవంకో. ఆ రూపాయి ఎవరి కొట్టు దాటి వచ్చిందో చెప్పే సాక్ష్యమది. డాలరు మీది ముద్రకు ఇచ్చిన గౌరవం రూపాయి మీది గుర్తుకూ ఇవ్వమని మన సేకర్తలు అడగడంలో అతి ఏమీ లేదు.

చీటీ మీద రాసే వివరం గురించి కూడా గట్టి కోరికే ఉంది. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయలన్నీ 1862వి కావు. 1874 దాకా అదే సంవత్సరం వేస్తూ పోయారు. బొంబాయి టంకశాల వెనుకవైపు చుక్కలు పెట్టి తేడా చూపింది. ఆ చుక్కల లెక్కే సేకర్త ఆరాటమంతా. చీటీ మీద '1862 రూపాయి' అని మాత్రమే రాసిస్తే చెప్పాల్సిన సగం చెప్పనట్టే. ఏ టంకశాల, రాణి బొమ్మ ఏ రకం, చుక్కలెన్ని అన్నవి రాయాలి. నిజాం నాణేలైతే మీద హిజ్రీ సంవత్సరం, పాలన సంవత్సరం రెండూ ఉంటాయి. చార్మినార్ రూపాయి మీది రెండు తేదీలనూ చదివి చీటీ మీదికెక్కించగలిగినవాళ్లు గ్రేడింగ్ బల్ల దగ్గర ఉండాలి.

సముద్రం దాటకూడని నాణెం

మన సేకర్తకు అన్నిటికన్నా పెద్ద అడ్డంకి గ్రేడర్ కాదు, చట్టం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. గ్రేడు వేయించి తిరిగి తెప్పించుకుంటానన్నా కుదరదు. ఐదో జార్జి రాజు బొమ్మతో 1911లో వచ్చిన రూపాయి కథ చాలామందికి తెలుసు. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని అలజడి రేగి, దాన్ని వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. దానికి 2011లో వందేళ్లు నిండాయి. 1922 రూపాయికి 2022లో నిండాయి. ఏడాది గడిచిన కొద్దీ ఇంకో ఏడాది నాణేలు గీత దాటుతున్నాయి. నిజాం నాణేనికైతే లెక్క కట్టాలి. హిజ్రీ 1342 అని ఉంటే అది 1923-24. ఆ లెక్క రాక కొరియర్‌లో వేసినవాడికి చిక్కు తప్పదు.

చట్టం మంచిదే. కోటిలింగాల శాతవాహన నాణేలు, విజయనగర వరహాలు సంచుల కొద్దీ తరలిపోకుండా కాపాడుతున్నది అదే. కాబట్టి మారాల్సింది గ్రేడింగ్ సంస్థే. పీసీజీఎస్ పారిస్‌లో, చైనాలో కార్యాలయాలు పెట్టింది. ప్రదర్శనల దగ్గరికి గ్రేడర్లను పంపి అక్కడికక్కడే గ్రేడు వేయించడం ఈ రంగంలో ఎప్పటి నుంచో ఉంది. పాత నాణేల విషయంలో మన సేకర్తల సూచన కూడా అదే. నాణెం కదలకూడదు, గ్రేడర్ కదలాలి. అంతకన్నా ముందు, గ్రేడింగ్ కోసం నాణెం తీసుకునే ప్రతి ఏజెంటూ అది ఏ దేశానికి, ఏ ఊరికి పరీక్షకు వెళ్తుందో రసీదు మీద రాసివ్వాలి.

నకిలీల బెడద ఇక్కడా తక్కువేమీ కాదు. 1939 నాటి ఆరో జార్జి రూపాయి అరుదు. 1938 రూపాయి మీది చివరి అంకెను 9గా చెక్కి అమ్మేవాళ్లున్నారు. నకిలీ నాణేలే కాదు, నకిలీ పెట్టెలు కూడా వచ్చాయి. అందుకే ఇటీవలి పీసీజీఎస్ పెట్టెల్లో ఫోన్ ఆనిస్తే చదివే చిప్ పెడుతున్నారు. మరోపక్క పాత అయిదు రూపాయల నోటుకు లక్షలు, వైష్ణోదేవి నాణేనికి లక్షలు అంటూ వీడియోలు తిరుగుతున్నాయి. ఆశపడి ముందుగా 'రుసుం' కట్టినవాళ్లు మోసపోతున్నారు. పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తనకు ఏ సంబంధమూ లేదనీ, తన పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వవద్దనీ రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించాల్సి వచ్చింది.

ఇలాంటి చోట నిజాయితీగల గ్రేడింగ్ సంస్థ చేయగలిగిన మేలు ఒకటుంది. మన ఇళ్లలో ఉన్న రూపాయల్లో ఎక్కువ భాగం మామూలువే. ఎడ్వర్డ్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే ఒక తులం. అరిగినదానికి వెండి ధర మీద నాలుగు డబ్బులు ఎక్కువొస్తే గొప్ప. గ్రేడింగ్ రుసుం, రానూపోనూ బీమా ఖర్చు దాని ఖరీదును మించిపోతాయి. ఈ సంగతి ముందే తెలిసేది సంస్థకే. అందుకని ఫొటో పంపితే చాలు, నాణెం తీసుకోకముందే తక్కువ రుసుంతో ఒక మాట చెప్పే ఏర్పాటు పెట్టమని సేకర్తలు కోరుతున్నారు. ఇది తోమినది, ఇది కొక్కెం తీసినది, ఇది మామూలు రకం, వీటిని పంపకండి, డబ్బు దండగ అని తెలుగులోనో, పంపినవాళ్లకు వచ్చిన భాషలోనో రాసివ్వాలి. పదింటిలో తొమ్మిదింటికి ఆ జవాబే వచ్చినా ఫరవాలేదు. పదోదాన్ని మాత్రం తోమకుండా, ప్లాస్టిక్ ఆల్బంలో పెట్టకుండా, అంచు పట్టుకుని ఎలా దాచాలో కూడా ఆ కాగితం మీదే రాయాలి.